రేణిగుంటలో కొన్ని ఫ్లైట్లు దిగగానే గట్టిగా మోగుతాయి, కొన్ని చప్పుడు లేకుండా పోతాయి. ఈ రివర్స్ త్రస్ట్ కథేంటి?

కొండకింద క్యాబ్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాది తిరుపతి, ట్యాక్సీ నడుపుతాను. ఎక్కువగా రేణిగుంట ఎయిర్‌పోర్ట్ నుంచి అలిపిరికి, కొండ మీదికి బాడుగలు. పార్టీ దిగి, సామాను తీసుకుని బయటికొచ్చే దాకా పార్కింగ్‌లో కాచుకోవడమే సగం పని. అందుకే ఫ్లైట్ల చప్పుడు చెవికి బాగా పట్టేసింది. దిగింది హైదరాబాద్ నుంచి వచ్చే ఫ్యాన్ల విమానమా, పెద్ద ఎయిర్‌బస్సా అన్నది చూడకుండానే చెప్పేస్తాను.

నా డౌట్ ఇది. చక్రాలు నేలకు తగిలిన కాసేపటికే ఇంజిన్ ఒక్కసారిగా రేజ్ అవుతుంది. ఆగాల్సిన టైంలో ఇంజిన్ రేజ్ చేయడమేంటి? ఒకసారి ముందు సీట్లో కూర్చున్న పార్టీని అడిగితే "రివర్స్ వేస్తారు" అని ఒక్క ముక్క చెప్పి ఫోన్లో పడిపోయాడు. సరే, అదే నిజమనుకుందాం. మరి కొన్నిసార్లు అదే కంపెనీ, అదే సైజు విమానం, ఆ మోతే లేకుండా దిగిపోతుందే? మధ్యాహ్నం ఎండలో దిగేవి చాలావరకు చప్పుడు చేయవు. కార్తీకమాసం వానల్లో మాత్రం వచ్చిన ప్రతిదీ మోగిపోతుంది.

ఇది పైలట్ ఇష్టమా, కంపెనీ రూలా? మేం కొండ దిగేటప్పుడు బ్రేకులు కాలిపోకుండా సెకండ్ గేర్లో పెట్టి ఇంజిన్ మీదే దింపుతాం. అలాంటిదేనా ఇది? తెలిసినవాళ్ళు చెప్పండి.

బైరాగిపట్టెడ బాబు:

సింపుల్ అన్నా. లోపల ఫ్యాన్ రివర్స్‌లో తిరుగుతుంది. గాలి ముందుకు తంతుంది, బండి ఆగుతుంది. అంతే.

చంద్రగిరి పెద్దాయన:

ఫ్యాన్ రివర్స్‌లో తిరగదు బాబూ. నిమిషానికి వేల చుట్లు తిరిగేదాన్ని ఆపి, రెండు సెకన్లలో ఎదురు తిప్పాలంటే ఇంజిన్ ముక్కలై చేతికొస్తుంది. నేను మద్రాసులో విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ రివర్సర్ల కౌల్స్ (ఇంజిన్ పై తొడుగులు) తెరిచి, లోపల తల దూర్చి, రాత్రిళ్ళు చాలా గ్రీజు పూసుకున్నాను. అందుకని కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపికుంటే చదవండి.

బయటికి కనిపించే ఆ పెద్ద ఫ్యాన్ లాక్కునే గాలి రెండు దారులు పడుతుంది. కొంత లోపలికి పోయి ఇంధనంతో కలిసి మండుతుంది. మిగతాదంతా మండకుండా ఇంజిన్ చుట్టూ ఉన్న సందులోంచి వెనక్కి పోతుంది. ఇప్పటి ఎయిర్‌బస్ ఏ320 నియో ఇంజిన్లలో ఒక వంతు లోపలికి పోతే పదకొండు, పన్నెండు వంతులు ఈ బయటి దారినే పోతాయి. విమానాన్ని ముందుకు తోసేది ముఖ్యంగా ఈ చల్లగాలే. రివర్సర్ చేసే పనల్లా ఆ బయటి దారిని మూసేయడం.

ఇంజిన్ వెనక భాగంలో ఒక పెద్ద తొడుగు ఉంటుంది. పైలట్ రివర్స్ అడగ్గానే అది పట్టాల మీద వెనక్కి జరుగుతుంది. దాంతోపాటే లోపల పలకలు లేచి గాలి దారికి అడ్డం పడతాయి. వెనక్కి పోయే దారి లేక ఆ గాలి, తొడుగు జరగడంతో బయటపడిన జాలీలోంచి పక్కలకు, ముందుకు చిమ్ముతుంది. ఆ జాలీని మేం క్యాస్కేడ్ అంటాం. దగ్గర్నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. వరసల వరసలుగా వంపు తిరిగిన చిన్న చిన్న రెక్కలు. అన్నింటి వంపూ ఒకటే కాదు. ఒక ముక్క గాలిని ముందుకు పంపుతుంది, పక్క ముక్క కొంచెం పక్కకు తిప్పుతుంది. ఎందుకంటే చిమ్మే గాలి విమానం ఒంటికి కొట్టకూడదు, నేలకు కొట్టి రాళ్ళూ దుమ్మూ లేపకూడదు, మళ్ళీ ఇంజిన్ నోట్లోకే పోకూడదు. ఏ ముక్క ఎక్కడ బిగించాలో అక్కడే బిగించాలి.

పాత ఏ320ల్లో సీఎఫ్ఎం కంపెనీ ఇంజిన్ ఉన్నవాటికి ఈ జాలీ ఉండదు. ఒక్కో ఇంజిన్‌కు నాలుగు తలుపులుంటాయి, అవి బయటికి తెరుచుకుంటాయి. పని మాత్రం అదే.

ఒకటి గమనించండి. లోపల మండిన గాలి అప్పుడు కూడా వెనక్కే పోతూ ఉంటుంది, అంటే విమానాన్ని ముందుకే తోస్తూ ఉంటుంది. బయటి గాలి కూడా సూటిగా ముందుకు పోదు, ఏటవాలుగా పోతుంది. ఆ తీసివేతలన్నీ పోగా మిగిలే వెనక తోపు, అదే ఇంజిన్ ముందుకు ఇచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. చప్పుడు చూసి బలం అంచనా వేయొద్దు.

ఇక క్యాబ్ తమ్ముడి అసలు ప్రశ్న. నువ్వు చెప్పిన సెకండ్ గేర్ పోలిక సగం కరెక్టు. బ్రేకులకు పని తగ్గించడం వరకు రెండూ ఒకటే. కానీ ఘాట్‌లో నీ ఇంజిన్ బండిని పట్టి ఉంచేది టైర్ల ద్వారానే కదా? వానకు రోడ్డు జారితే గేరు కూడా జారుతుంది. రివర్స్ త్రస్ట్‌కు టైరుతో సంబంధం లేదు, నేలతో సంబంధం లేదు. రన్‌వే మీద నీళ్ళు నిలిచినా, నూనె పోసినా అది లాగేంత లాగుతుంది. నువ్వు కార్తీకంలో వినే మోతకు కారణం ఇదే.

పొడి రన్‌వే మీద విమానాన్ని ఆపేది చక్రాల బ్రేకులే. వాటికి ముందు ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చక్రాలు తగలగానే రెక్కల పైన పలకలు నిలువుగా లేస్తాయి, స్పాయిలర్లు. రెక్క ఇంకా విమానాన్ని పైకి ఎత్తుతూ ఉంటే చక్రాల మీద బరువు పడదు, బరువు పడకపోతే బ్రేక్ పట్టదు. ఆ ఎత్తడాన్ని చంపేది స్పాయిలర్లు. నన్నడిగితే ఒక విమానంలో రివర్సర్ పని చేయకపోయినా ఎక్కుతాను. స్పాయిలర్లు లేవకపోతే మాత్రం ఎక్కను.

నిజానికి రివర్సర్ ఒకటి మొరాయిస్తే దాన్ని తెరుచుకోకుండా పిన్నులతో బిగించి, లాగ్‌బుక్‌లో రాసి, కాక్‌పిట్‌లో స్టిక్కర్ అంటించి, కొన్ని షరతులతో కొన్ని రోజులు తిప్పొచ్చు. రూల్ ఒప్పుకుంటుంది. ఎందుకంటే విమానానికి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు పొడి రన్‌వే మీద ఎంత దూరంలో ఆగుతుందన్న లెక్క రివర్స్ లేకుండానే తీస్తారు. దాన్ని 1.67తో హెచ్చిస్తారు. రన్‌వే తడిగా ఉండొచ్చనుకుంటే ఇంకో 15 శాతం కలుపుతారు. అంత పొడవు రన్‌వే ఉంటేనే అక్కడికి బయల్దేరాలి. బీఏఈ 146 అని నాలుగు ఇంజిన్ల చిన్న జెట్ ఒకటుండేది, దానికి అసలు రివర్సర్లే పెట్టలేదు. అంత పెద్ద ఏ380కి నాలుగు ఇంజిన్లుంటే, లోపలి రెండింటికే ఉన్నాయి.

చప్పుడు లేని ల్యాండింగ్ సంగతి ఇంకొంచెం ఉంది. మోత లేదంటే రివర్స్ వేయలేదని కాదు. తొడుగు జరిపి, జాలీ తెరిచి, ఇంజిన్‌ను మాత్రం రేజ్ చేయకుండా వదిలేస్తారు. దాన్ని ఐడిల్ రివర్స్ అంటారు. ఐడిల్‌లో ఉన్న ఇంజిన్ కూడా విమానాన్ని కొంచెం ముందుకు తోస్తూనే ఉంటుంది. ఆ తోపు పోతుంది, అదే లాభం. బయటికి పెద్దగా వినిపించదు. పొడి రన్‌వే, సరిపడా పొడవు ఉన్నప్పుడు చాలా కంపెనీలు ఇదే చాలంటాయి. ఇంధనం మిగులుతుంది, ఇంజిన్ మీద భారం తగ్గుతుంది, నిద్రపోయే పిల్లలు లేవరు. యూరప్‌లో చాలా ఎయిర్‌పోర్టుల్లో రాత్రిపూట అవసరమైతే తప్ప ఫుల్ రివర్స్ వద్దంటారు, ఊళ్ళవాళ్ళు నిద్రపోవాలని.

కాబట్టి ఎండకూ నిశ్శబ్దానికీ సంబంధం లేదు తమ్ముడూ, పొడి నేలకూ నిశ్శబ్దానికీ ఉంది. ఎండ అసలు తిరగబడి పని చేస్తుంది. ఏ320లో బ్రేకుల వేడి 300 డిగ్రీలు దాటి ఉంటే మళ్ళీ టేకాఫ్‌కు పోకూడదు. రేణిగుంటలో మే నెల మధ్యాహ్నం, అరగంటలో జనాన్ని దింపి, ఎక్కించి, తిరిగి బయల్దేరాలంటే ఆ బ్రేకులు ఎక్కడ చల్లారతాయి? అది తెలిసిన కెప్టెన్ అలాంటి రోజు కొంచెం ఎక్కువ రివర్స్ వాడి బ్రేకుల్ని కాపాడుకుంటాడు.

కుడి సీటు:

పెద్దాయన చెప్పినదాంట్లో మార్చడానికేమీ లేదు. మాది చిత్తూరు, ఏ320లో ఫస్ట్ ఆఫీసర్ని, అంటే కో-పైలట్‌ని. కంపెనీ పేరు అడగొద్దు. కాక్‌పిట్ వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను.

నేల ఇంకో 20 అడుగులుందనగా విమానమే "రిటార్డ్" అని పలుకుతుంది. థ్రస్ట్ లివర్లు వెనక్కి ఐడిల్ దాకా లాగమని. చక్రాలు తగిలాక ఆ లివర్లకే ఉన్న చిన్న పిడుల్ని ఎత్తి పట్టుకుంటే తప్ప అవి ఇంకా వెనక్కి రావు. చెయ్యి జారి పడే ప్రమాదం లేకుండా అలా పెట్టారు. వెనక్కి లాగగానే ఇంజిన్ స్క్రీన్ మీద "రెవ్" అన్న అక్షరాలు ముందు ముదురు పసుపులో వస్తాయి, తొడుగు పూర్తిగా తెరుచుకున్నాక ఆకుపచ్చవుతాయి. నడపని పైలట్ అవి చూసి పైకి చెప్పాలి: "స్పాయిలర్స్", "రివర్స్ గ్రీన్", "డీసెల్" (వేగం తగ్గుతోందని). ఈ మూడు మాటలు వినిపించాయంటే ఊపిరి పీల్చుకోవచ్చు. ఒక్కటి వినిపించకపోయినా కాళ్ళు బ్రేకుల మీదికి పోతాయి.

ఫుల్ రివర్స్ వాడాలంటే ఆ మొదటి క్షణాల్లోనే వాడాలి. వేగం ఎక్కువున్నప్పుడే అది బాగా పని చేస్తుంది. 70 నాట్లకు (గంటకు సుమారు 130 కిలోమీటర్లు) "సెవెంటీ నాట్స్" అని వినిపిస్తుంది, అక్కడ రివర్స్‌ను ఐడిల్‌కు తగ్గిస్తాం. ఆ వేగం కింద ముందుకు చిమ్మిన గాలి మన ఇంజిన్ నోటి ముందుకే చేరుతుంది, దాంతోపాటు రన్‌వే మీది గులకరాళ్ళూ. ట్యాక్సీ వేగానికి వచ్చేసరికి పూర్తిగా మూసేస్తాం. అందుకే ఆ మోత మీకు కొన్ని సెకన్లే వినిపిస్తుంది.

కొందరికి ఆశ్చర్యం కలిగించే సంగతి: ఆటోబ్రేక్ (బ్రేకుల్ని తనే నొక్కే సిస్టం) పెట్టి ఉంటే ఫుల్ రివర్స్ వేసినా పొడి రన్‌వే మీద విమానం ముందుగా ఆగదు. "లో" అని పెడితే ప్రతి సెకనుకూ వేగంలో 1.7 మీటర్లు/సెకను, "మీడియం" పెడితే 3 మీటర్లు/సెకను చొప్పున తగ్గించాలని సిస్టంకు చెప్పినట్టు. రివర్స్ ఎంత ఎక్కువ లాగితే అది బ్రేకుల్ని అంత తక్కువ నొక్కుతుంది. మొత్తం మారదు. సీట్లో కూర్చున్నవాళ్ళకు మోత పెరిగిందని మాత్రం తెలుస్తుంది.

తడి మీద సీన్ వేరు. టైరులో గాలి ఒత్తిడి సుమారు 200 పీఎస్ఐ. దాని వర్గమూలాన్ని 9తో హెచ్చిస్తే, నీళ్ళు నిలిచిన రన్‌వే మీద టైరు నేలను వదిలి నీటి పొర మీద తేలడం మొదలయ్యే వేగం నాట్లలో వస్తుంది. మాకు 127 దగ్గర వస్తుంది. మేం దిగే వేగం సుమారు 135. అంటే మొదటి క్షణాల్లో బ్రేకులున్నా లేనట్టే అయ్యే అవకాశం ఉంది. అప్పుడు చేతిలో ఉన్నది స్పాయిలర్లూ, రివర్సూ. వానలో ఫుల్ రివర్స్ లాగడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. కంపెనీ ఇంధనం మిగిల్చమంటుంది నిజమే, కానీ ఏం వాడాలన్న తుది మాట ఆ రోజు కెప్టెన్‌దే.

దీనికి మాకు ట్రైనింగ్‌లో చెప్పే ఉదాహరణ బ్యాంకాక్. 1999 సెప్టెంబర్ 23న ఆస్ట్రేలియా కంపెనీ క్వాంటాస్ బోయింగ్ 747 కుండపోతలో దిగింది. ఆఖరి క్షణంలో మళ్ళీ ఎగరాలనుకుని, వెంటనే వద్దనుకుని, ఆ గందరగోళంలో రివర్స్ అసలు వేయలేదు. కాక్‌పిట్‌లో ఎవరూ గమనించలేదు. రన్‌వే దాటి చాలా దూరం పోయి ఆగింది. ఎవరూ చనిపోలేదు. ఐడిల్ రివర్స్‌తో సరిపెట్టుకోమన్న కంపెనీ అలవాటు కూడా దానికి తోడైందని దర్యాప్తులో తేలింది.

వానతోపాటు పక్కగాలి కూడా ఉంటే రివర్స్ ఎదురు తిరుగుతుంది. విమానం ముక్కు గాలివైపు కొంచెం తిరిగి ఉండగా రివర్స్ లాగితే, వెనక్కి లాగే బలంలో కొంత రన్‌వే పక్కకు కూడా లాగుతుంది. జారుతున్నట్టు అనిపిస్తే రివర్స్ ఐడిల్‌కు తగ్గించాలి, బ్రేకులు వదలాలి, ముక్కు సరిచేసుకోవాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. దూరం అయిపోతుంటే బ్రేక్ వదలడానికి మనసొప్పదు. సిమ్యులేటర్‌లో కూడా చెమటలు పడతాయి.

ఇంకొక్కటి. రివర్స్ లివర్ లాగాక వెనక్కి తగ్గేది లేదు. అక్కడే ఆగాలి. మళ్ళీ గాల్లోకి లేవాలనుకోకూడదు. 1978లో కెనడాలోని క్రాన్‌బ్రూక్‌లో ఒక 737 దిగి, రివర్స్ తెరిచాక రన్‌వే మీద మంచు తీసే బండి కనిపించి మళ్ళీ ఎగిరింది. ఒక ఇంజిన్ రివర్సర్ సరిగ్గా మూసుకోలేదు. విమానం కూలిపోయింది. మన మంగళూరు, 2010 మే 22, 158 మంది పోయారు. అక్కడ అసలు తప్పులు చాలా ముందే మొదలయ్యాయి, చాలా ఎత్తులో వచ్చి చాలా దూరంలో తగిలింది. కానీ రివర్స్ తెరిచాక కెప్టెన్ మళ్ళీ లేవబోయాడని విచారణ కమిటీ రాసింది.

కొండకింద క్యాబ్:

అన్నా, పెద్దాయనా, ఇద్దరికీ దండాలు. ఇన్నేళ్ళుగా పార్కింగ్‌లో చెవులప్పగించి వింటున్నదానికి ఇప్పటికి అర్థం తెలిసింది. కానీ చదివాక కొత్త టెన్షన్ పట్టుకుంది. అంత పెద్ద తొడుగు గాల్లో ఉండగా దానంతటదే జరిగితే? పైలట్ పొరపాటున పైనే లాగితే?

చంద్రగిరి పెద్దాయన:

పైలట్ పైన లాగినా తెరుచుకోదు. విమానం నేల మీద ఉందని సెన్సర్లు ఒప్పుకుంటేనే తాళాలు వదులుతాయి. డీసీ-8 లాంటి కొన్ని పాత విమానాల్లో గాల్లోనే వాడుకోనిచ్చేవారు, తొందరగా కిందికి దిగడానికి. ఇప్పటివాటిలో అది లేదు.

దానంతటదే తెరుచుకోవడం ఒకసారి జరిగింది, దానివల్లే ఇప్పుడు ఇన్ని తాళాలు. 1991 మే 26, లాడా ఎయిర్ బోయింగ్ 767. బ్యాంకాక్ నుంచి వియన్నాకు బయల్దేరి ఇంకా ఎత్తుకు ఎక్కుతుండగా ఎడమ ఇంజిన్ రివర్సర్ తెరుచుకుంది. 223 మంది, ఒక్కరూ బతకలేదు. కంపెనీ ఓనర్ నికీ లాడా, రేసుకార్ల చాంపియన్. గాల్లో తెరుచుకున్నా విమానాన్ని అదుపు చేయొచ్చని అప్పటిదాకా అనుకునేవారు. ఆయన ఊరుకోలేదు, బోయింగ్ వాళ్ళ దగ్గరికి పోయి సిమ్యులేటర్‌లో కూర్చుని ఆ పరిస్థితిని తనే ప్రయత్నించి చూశాడు. ఆ ఎత్తులో, ఆ వేగంలో కుదరదని తేలింది. దాని తర్వాత రివర్సర్లకు మిగతావాటితో సంబంధం లేని ఇంకో తాళం అదనంగా పెట్టారు. కొన్ని సెకన్ల పనికోసం ఇన్ని తాళాలేమిట్రా అని కొత్త కుర్రాళ్ళు విసుక్కుంటే మా షాపులో ఈ కథే చెప్పేవాళ్ళం.

తాళాలు మరీ గట్టిగా ఉన్నా చిక్కే. 1993 సెప్టెంబర్ 14న పోలండ్‌లోని వార్సాలో లుఫ్తాన్సా ఏ320 వానలో దిగింది. పక్కగాలి ఉంటుందనుకుని పైలట్లు ఒక చక్రం ముందు ఆనించారు, సరైన పద్ధతే. కానీ రెండు పక్కలా చక్రాల కాళ్ళ మీద బరువు పడితేనే రివర్సర్ తాళం వదలాలని కంప్యూటర్‌కు చెప్పి ఉంది. రెండో కాలు గట్టిగా ఆనేసరికి తొమ్మిది సెకన్లు పోయాయి. ఆ లోపు స్పాయిలర్లు లేవలేదు, రివర్స్ రాలేదు, నీళ్ళ మీద బ్రేకులూ పట్టలేదు. రన్‌వే చివర మట్టికట్టకు కొట్టుకుంది, ఇద్దరు పోయారు. తాళం ఎప్పుడు వదలాలన్న లెక్కను ఆ తర్వాత మార్చారు.

ఎస్వీయూ మెకానికల్:

పెద్దాయనా, చదువుతూ లెక్క కట్టాను, తప్పయితే దిద్దండి. 62 టన్నుల విమానం 135 నాట్లతో దిగితే గతిశక్తి దాదాపు 150 మెగాజౌళ్ళు. కరెంటు లెక్కలో 40 యూనిట్లు దాటింది. అరనిమిషంలో ఇదంతా ఎటో పోవాలి. 70 నాట్లకు వచ్చేసరికి నాలుగో వంతుకు కొంచెం ఎక్కువే మిగులుతుంది. అంటే రివర్స్ తగ్గించే సమయానికి ముప్పావు పని అయిపోయినట్టేగా?

రెండు డౌట్లు. ఫ్యాన్ల విమానానికి, అదే ఏటీఆర్‌కు, ఆ తొడుగులూ జాలీలూ ఉండవు కదా. అది ఎలా? ఒక ఇంజిన్‌కు రివర్సర్ బిగించేసి ఉంటే, రెండోదాన్ని తెరిచినప్పుడు విమానం ఆ పక్కకు తిరగదా?

చంద్రగిరి పెద్దాయన:

లెక్క కరెక్టే. నేను మెకానిక్‌ని, మెగాజౌళ్ళ సంగతి కన్నా కాలిన బ్రేకు వాసన బాగా తెలుసు.

ఏటీఆర్ సంగతి ఇంకా తేలిక. ఒక్కో ప్రొపెల్లర్‌కు ఆరు రెక్కలు. ఆ రెక్కలు మొదలు దగ్గర తమ చుట్టూ తాము తిరుగుతాయి, ఏ కోణంలో గాలిని కొట్టాలన్నది అలా మారుతుంది. నేల తగిలాక పైలట్ పవర్ లివర్లను గేటు (మధ్యలో ఉండే అడ్డు) దాటించి కిందికి తెస్తే రెక్కలు దాదాపు చదునుగా తిరుగుతాయి. దాంతోనే దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు పళ్ళెం రెండు గాలికి అడ్డం పెట్టినట్టవుతుంది. ఇంకా వెనక్కి లాగితే కోణం అటువైపు తిరిగి గాలిని ముందుకు కొడతాయి. ప్రొపెల్లర్ తిరిగే దిశ ఎప్పుడూ మారదు. రెండు ఇంజిన్లకూ లో పిచ్ లైట్లు (రెక్కల కోణం తగ్గిందని చెప్పేవి) వెలిగాయో లేదో చూసుకుని గానీ రివర్స్‌లోకి పోకూడదు. ఒకటి వెలగకపోతే రివర్స్ లేదు, బ్రేకులతోనే ఆగాలి. ఒక పక్క ముందుకు, ఒక పక్క వెనక్కి లాగితే ఏమవుతుందో నువ్వే ఊహించు.

రెండో డౌటుకు కుడి సీటు అబ్బాయే సరిగ్గా చెప్పగలడు.

కుడి సీటు:

కొంచెం లాగుతుంది. వేగం ఎక్కువున్నప్పుడు తోక దగ్గరి రడ్డర్‌తో సరిపోతుంది, పెద్ద కష్టం కాదు. ముఖ్యమైంది వేరే ఉంది. ఒకటి బిగించేసి ఉన్నా రెండు లివర్లూ రివర్స్‌లోకి లాగాలన్నదే ఇప్పటి పద్ధతి. బిగించినదాంట్లో ఏమీ జరగదు, ఇంజిన్ ఐడిల్‌లో ఉండిపోతుంది. కానీ రెండు చేతిపిడులూ ఒకేచోట ఉంటాయి. ఎందుకంటే 2007 జూలై 17న బ్రెజిల్‌లోని సావో పావ్లోలో టామ్ అనే అక్కడి కంపెనీ ఏ320 కుడి రివర్సర్ బిగించి ఉండగా వానలో దిగింది. ఎడమ లివర్ రివర్స్‌లోకి వచ్చింది, కుడి లివర్ మాత్రం క్లైంబ్ (పైకెక్కేటప్పటి పవర్) దగ్గరే ఉండిపోయింది. లివర్ పైన ఉన్నంతసేపు విమానం దృష్టిలో మనం ఇంకా ఎగురుతూ ఉండాలనుకుంటున్నట్టు. స్పాయిలర్లు లేవలేదు, ఆటోబ్రేక్ పట్టలేదు, కుడి ఇంజిన్ ముందుకు తోస్తూనే ఉంది. విమానంలోవాళ్ళు, కింద ఉన్నవాళ్ళు కలిపి 199 మంది పోయారు.

పెద్దాయన పైన స్పాయిలర్ల గురించి అన్నది అక్షరాలా నిజం.

కొండకింద క్యాబ్:

వచ్చే నెల చెల్లెలి వాళ్ళ గృహప్రవేశానికి హైదరాబాద్ పోతున్నా, ఈసారి బస్సు కాదు, ఫ్లైట్. ఇవన్నీ కళ్ళారా చూడాలంటే ఏ సీటు తీసుకోవాలి సామీ?

చంద్రగిరి పెద్దాయన:

ఎయిర్‌బస్ అయితే రివర్సర్ తొడుగు జరగడం చూడాలంటే రెక్కకు కొంచెం ముందు కిటికీ సీటు తీసుకో. ఇంజిన్ పక్కనే ఉంటుంది, మెడ కొంచెం వెనక్కి తిప్పి చూడాలి. స్పాయిలర్లు చూడాలంటే రెక్కకు వెనక కూర్చోవాలి. రెండూ ఒకే సీట్లోంచి కనపడవు. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి పెట్టుకో. సీటు ఎంచుకోవడానికి వేరే డబ్బులడుగుతారు, చూసుకో. ఏటీఆర్‌లో అయితే సగం కన్నా ముందు కూర్చుంటే ప్రొపెల్లర్ పక్కనే, చప్పుడు ఎక్కువ, మీ చెల్లెలి ఇంట్లో రెండు గంటలు చెవులు వినిపించవు.